చేప తేలిక – నూనె బరువు

మృగశిర కార్తె ప్రవేశించినదనగా తెలంగాణమున మాంసాహారుల ఇండ్లలో చేప వండని ఇల్లు అరుదు. సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) వంటి ఊళ్ళకు సముద్రము దూరము. అచ్చట ఒకప్పుడు చేప యనగా చెరువు చేపయే: కొర్రమీను, బొచ్చె, రవ్వ. నేడు అట్లు కాదు. పూణె నుండి హైదరాబాదు, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నమున, సముద్రతీరమున ముగియుచున్నది. బండి ఎక్కి సూర్యాపేటకు వచ్చిన గ్రామస్థునకు హోటలులో చెరువు చేపతోపాటు వంజరము, చందువ, రొయ్యలు, పీతలు కూడ కనబడుచున్నవి. తినుటకు అభ్యంతరమేమున్నది? అయితే ఎంత తినుచున్నామో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్ననే నేడు మనము విచారింతము.

ఈ లెక్క ఎందుకని కొందరు అడుగవచ్చును. నాట్లు వేసి, మోపులు మోసిన శరీరమునకు ఆకలియే కొలబద్దగా చాలును. కాని దుకాణమున కూర్చుండువారికి, కార్యాలయమున పనిచేయువారికి, మధుమేహము ఉన్నదని వైద్యుడు చెప్పినవారికి ఆకలి ఒక్కటే చాలదు. ఇట్టివారు తరచుగా రెండు విధముల పొరపడుచున్నారు. కొందరు భయపడి చేపను మానివేసి, అన్నమును మాత్రము ఎప్పటివలెనే తినుచున్నారు. మరికొందరు చేప తేలిక ఆహారమే గదా యని వేపుడు పళ్ళెములు ఒకదానివెంట ఒకటి తెప్పించుచున్నారు. మొదటివారు మంచి మాంసకృత్తులను పోగొట్టుకొనుచున్నారు. రెండవవారు తెలియకుండ నూనె త్రాగుచున్నారు.

కేలరీ యనగా శక్తికి కొలమానము. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయు శక్తిని శాస్త్రజ్ఞులు కిలోకేలరీ యందురు. మనము వాడుకలో కేలరీ యనునది ఇదియే. పిండిపదార్థము గాని, మాంసకృత్తులు గాని ఒక గ్రాము తిన్నచో సుమారు 4 కేలరీలు వచ్చును. కొవ్వు ఒక గ్రామునకు 9 వచ్చును. ఈ రెండు అంకెలు జ్ఞాపకమున్న చాలును, సగము లెక్క వచ్చినట్లే.

మన ఆహారపదార్థముల గుణములను పరిశోధించుచున్న జాతీయ పోషకాహార సంస్థ మనకు దూరముననున్నది కాదు. 1918లో కూనూరులో ఆరంభమైన ఆ పరిశోధన 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2017లో 528 ఆహారపదార్థముల విలువలను పట్టికలుగా ప్రకటించినది. హోటళ్ళ విషయములో కూడ కొంత ఏర్పాటు జరిగినది. కేంద్ర లైసెన్సు గల హోటళ్ళును, పది లేక అంతకు మించిన శాఖలు గల హోటళ్ళును 2022 నుండి తమ వంటకముల పట్టికలో కేలరీలు చూపవలసి ఉన్నది. కాని రహదారి ప్రక్కన ఒకే ఒక శాల నడుపుకొనువారికి ఈ నిబంధన లేదు. అచ్చట మన కన్నే తక్కెడ కావలెను.

ముందుగా చేపను కొలుతము. వ్రేళ్ళను విడిచి అరచేయి ఎంత వెడల్పో, ఎంత మందమో అంత ముక్క సుమారు 100 గ్రాములు. కొవ్వు తక్కువగల చేప 100 గ్రాములలో ఇంచుమించు 100 కేలరీలు ఉండును. రొయ్యల మాంసము, పీత మాంసము ఇంకను కొంచెము తక్కువ. పెంకు చూచి మోసపోరాదు. తల, పెంకు తీసివేయగా రొయ్యలో మిగులునది సుమారు సగము. పీతలో మూడవ వంతు మిగిలినను గొప్పయే. కానాగంతలు, పులస వంటి కొవ్వు చేపలలో కేలరీలు రెండింతల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండవచ్చును. అయితే ఆ కొవ్వులో హృదయమునకు మేలుచేయు ఒమేగా-3 ఆమ్లములు కలవు. కనుక దానిని చూచి జంకవలసిన పని లేదు.

ఇక నూనె. చిన్న చెంచాడు నూనె సుమారు నాలుగున్నర గ్రాములు, అనగా 40 కేలరీలు. ఎముకలు పోగా 150 గ్రాముల చేపనే మూడు విధముల వండించి చూతము. నిప్పులమీద కాల్చి, ఒక చెంచా నూనె రాచినచో మొత్తము 200 లోపు. పులుసు పెట్టినచో చేపకు 150, మన వంతుకు వచ్చు రెండు చెంచాల నూనెకు 80, ఉల్లి, చింతపండు, మసాలాలకు 40, వెరసి 270. అదే చేపను పిండిలో ముంచి వేయించి, మరల పోపు పెట్టి, అపోలో ఫిష్ అను పేర వడ్డించినారనుకొందము. చేపకు 150, పిండి 30 గ్రాములకు 105, వేగుటలో పీల్చుకొన్న నాలుగు చెంచాల నూనెకు 160, పోపులోని రెండు చెంచాలకు 80, వెరసి దాదాపు 500. చేప మారలేదు, వంట మారినది.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. 2024లో పోషకాహార సంస్థ ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో రోజునకు 2000 కేలరీలు తినువారికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చూపినారు. అనగా చిన్న చెంచాలతో ఆరు. పైన చెప్పిన ఒక్క వేపుడు పళ్ళెములోనే ఆ ఆరు చెంచాలును తీరిపోయినవి! ఉదయపు దోసెకు, రాత్రి కూరకు మిగిలినదేమి?

అన్నమును మరువరాదు. ఉడికిన అన్నము 100 గ్రాములకు 130 కేలరీలు. మిర్యాలగూడ మిల్లుల సన్నబియ్యపు అన్నము చేపల పులుసుతో ఎంత పోయినదో తెలియదు. 300 గ్రాములు తిన్నచో 390, అనగా పులుసు కన్న ఎక్కువ. పైగా తీపి శీతలపానీయము 300 మిల్లీలీటర్ల సీసాకు మరియొక 130. ఒక్కొక్కప్పుడు చేపను నిందింతుము గాని, దోషము దాని ప్రక్కనున్న వానిది.

ఈ అంచనాలు తూకపు రాళ్ళవంటివి కావు. వంటవాని చేయి ఒకనాటివలె మరియొకనాడు ఉండదు. అందుచేత ఒక అంకెను పట్టుకొనక, ‘500 నుండి 700 వరకు’ అని అనుకొనుట మంచిది. సందేహమున్నచో నూనెను ఎక్కువగానే వేసికొనవలెను. వేయించిన ముక్కను కాగితముపై ఉంచినప్పుడు పరచుకొను మరక, పులుసు మీద తేరిన ఎఱ్ఱని నూనె, ఇవి రెండును మనకు సాక్ష్యములు. తేరిన నూనెను గరిటెతో ప్రక్కకు తీసి వడ్డింపుమని హోటలువానిని అడుగుటకు సిగ్గుపడవలదు.

నలుగురు కూర్చున్న బల్ల వద్ద వేపుడు ఒక్క పళ్ళెము తెప్పించి పంచుకొనుడు. పులుసును గాని, కాల్చిన చేపను గాని ముఖ్యమైన కూరగా పెట్టుకొనుడు. అన్నమును మొదటనే ఒక్కసారి వడ్డించుకొని, మారు వడ్డనకు ముందు ఒక క్షణము ఆగుడు. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము మాంసకృత్తుల పరిమాణమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మిగిలినవారు చేపను మానవలసిన పని లేదు. పిల్లలతో హోటలుకు పోవుట ఏ నెలకో ఒకసారి దొరకు వేడుక. దానిని భయముతో పాడుచేసికొనక, నూనెను, అన్నమును కనిపెట్టి ఉండి, చేపను తృప్తిగా తినవచ్చును.