మన్యసీమకు ఒక్క సభ్యుడు: పార్వతీపురము నుండి అరకు వఱకు

(గ్రంథాలయ సభయందు గావించిన ఉపన్యాసము)



నియోజకవర్గముల సరిహద్దులను గూర్చి ఉపన్యాసమనగానే సభలో కొందఱి దృష్టి గడియారము మీదికిని, కొందఱి దృష్టి గుమ్మము మీదికిని పోవునని నేనెఱుగుదును. అభ్యర్థుల పేరులు చెప్పిన వినువారు పెక్కుమంది. గ్రామముల జాబితా చదివిన వినువారు అరుదు. ఐనను ఓటరు పోలింగుకేంద్రమునకు బయలుదేరుటకు ఎంతో ముందే, అభ్యర్థి నామినేషను పత్రము వేయుటకును ముందే, ఎన్నికలో సగముపని ఒక పటము మీద ముగిసిపోవుచున్నది. ఆ పటము గీయువారిని మనమెన్నుకొనుట లేదు. గీచి గెజిట్టులో ప్రకటించిన పిమ్మట దానిని న్యాయస్థానమున ప్రశ్నింపవలెనన్న రాజ్యాంగము 329 వ అధికరణము సామాన్యముగా దారి ఇయ్యదు. అందుచేత ఆ పటము విషయమున మాటలాడదలచువారు అది గీయకముందే మాటలాడవలయును. ఈ సాయంకాలము మన తూర్పు మన్యపు పార్లమెంటు నియోజకవర్గముల కథను మీకు విన్నవించుట ఇందుకొఱకే.

1957 వ సంవత్సరముతో ఆరంభింతును. ఆనాడు పార్వతీపురము లోకసభ నియోజకవర్గము ఇద్దఱు సభ్యులు గల వర్గము. అందొక స్థానము షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకింపబడినది, రెండవది అందఱిది. ప్రతి ఓటరునకును రెండేసి ఓట్లు. ఆ రెంటిని ఒక్కని కీయరాదు. వి.వి. గిరిగారు అచ్చట కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిరి. 1952 లో ఆయన గెలిచిన పాతపట్నము లోకసభ నియోజకవర్గము 1957 నాటికి పటములో లేకుండపోయినది. కేంద్రమున కార్మికమంత్రిగా నుండి, 1954 లో తాను నమ్మిన విషయముకొఱకు పదవిని వదలిన పెద్దమనిషి ఆయన. అట్టివారు ఓడిపోవుదురని ఎవరనుకొందురు? ఓట్లు లెక్కింపగా గిరిజనుడైన బిడ్డిక సత్యనారాయణగారు ప్రథములైరి, ప్రత్యేకస్థానము వారిదయ్యెను. మిగిలిన స్థానమునకు డిప్పల సూరిదొరగారికి 1,24,604 ఓట్లును, గిరిగారికి 1,24,039 ఓట్లును వచ్చెను. తేడా 565 మాత్రమే. సూరిదొరగారును గిరిజనులే. రెండు స్థానములును కొండవారివే అయినవి!

గిరిగారు వివాదమునకు దిగిరి. సూరిదొర ముఖదొర తెగవాడు కాడు, క్షత్రియుడని ఒక వాదము. ప్రత్యేకస్థానమునకు నిలిచినవాడు సామాన్యస్థానమునకు ఎట్లు తగునని మఱియొక వాదము. వ్యాజ్యము తుదకు సుప్రీముకోర్టున కెక్కినది. 1959 లో ఆ న్యాయస్థానము రెండు వాదములను త్రోసివేసి, గిరిజనుడు గిరిజనుడైనంత మాత్రమున సామాన్యస్థానమునకు అనర్హుడు కాడని తీర్పు చెప్పినది. అప్పటికి గిరిగారు ఉత్తరప్రదేశమునకు గవర్నరై యుండిరి. 1969 లో రాష్ట్రపతియు నైరి. ఆయనకు నష్టమేమియు కలుగలేదు. కాని ఆ ద్విసభ్య వర్గములు మాత్రము నిలువలేదు. 1961 లో పార్లమెంటు ఒక చట్టము చేసి వానిని రద్దుపఱచినది. ఈ తీర్పొక్కటియే అందులకు కారణమని నేననను. అట్టి వర్గములు మిక్కిలి పెద్దవి, అభ్యర్థి తిరుగజాలడు, ఖర్చు భరింపజాలడు అన్న మొఱ దేశమంతటను ఉండెను. ఆ మొఱను, సోదరులారా, జ్ఞాపకముంచుకొనుడు. మరల దానియొద్దకే వచ్చెదను.

అటుపిమ్మట పార్వతీపురము ఒక్కసభ్యుని వర్గమై, గిరిజనులకు ప్రత్యేకింపబడినది. దక్షిణమున భద్రాచలము పేర మఱియొక గిరిజన నియోజకవర్గము ఏర్పడినది. ఈ భద్రాచలము తాలూకా సరిహద్దుల కథ చెప్పవలెనన్న వేఱొక సభ కావలయును. 1874 కు పూర్వము అది సెంట్రలు ప్రావిన్సులలోనిది. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాలోనిది. 1959 లో ఖమ్మముజిల్లాలో కలిసినది. రాముడు కదలలేదు గాని ఆయన కొలువున్న తాలూకా మాత్రము తఱచుగా కదలుచునే యున్నది! 1976 లో 42 వ రాజ్యాంగ సవరణ సీట్ల లెక్కను 1971 జనగణనతో బిగించుటచేత, 1977 మొదలు 2004 వఱకు తొమ్మిది సామాన్య ఎన్నికలు ఆ పాతగీతలలోనే జరిగినవి. ఆ కాలమంతయు ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు గల 42 లోకసభ స్థానములలో గిరిజనులవి రెండే: పార్వతీపురము, భద్రాచలము.

2002 వ సంవత్సరపు చట్టముక్రింద జస్టిసు కులదీప్ సింగుగారి అధ్యక్షతను నియమింపబడిన పునర్విభజన కమిషను 2001 జనగణనను పట్టి గీతలు తిరిగి గీచినది. 2008 లో ఆ పటము అమలునకు వచ్చెను. పార్వతీపురము పోయినది, భద్రాచలము పోయినది. ఆదిలాబాదు, మహబూబాబాదు, అరకు అను మూడు స్థానములు గిరిజనులకు ప్రత్యేకింపబడినవి. రెండు మూడైనవి గదా, ఇంకేమి కావలెనని మీరడుగవచ్చును. ఆదిలాబాదు గోండులకు ఆ స్థానము ఎంతో ముందే రావలసినది; అందు నాకు రెండవ అభిప్రాయము లేదు. కాని తూర్పుకనుమల మాట చూడుడు. భద్రాచలము అసెంబ్లీ స్థానము మహబూబాబాదులో చేరినది. పార్వతీపురపు కొండలును, వెనుక భద్రాచలముతో నున్న పాడేరు మన్యమును, రంపచోడవరపు మన్యమును కలిసి అరకు అను ఒక్క వర్గమైనవి. 2014 లో రాష్ట్రము రెండుగా విభజింపబడగా తెలంగాణమునకు 17 స్థానములలో రెండు, ఆంధ్రప్రదేశమునకు 25 స్థానములలో ఒకే ఒక్కటి గిరిజన స్థానములుగా మిగిలినవి.

2009 లో అరకునుండి జరిగిన తొలి ఎన్నికలో ప్రధాన ప్రత్యర్థు లెవరో చిత్తగింపుడు. పార్వతీపురపు కడపటి సభ్యులైన కిశోరచంద్రదేవుగారు ఒకరు. భద్రాచలపు కడపటి సభ్యులైన మిడియం బాబూరావుగారు మఱియొకరు. మాసిపోయిన రెండు నియోజకవర్గముల సభ్యులు ఒక్క కుర్చీకి పోటీపడవలసి వచ్చినది. ఒకరు గెలిచిరి. మన్యమునకు ఒక గొంతు తగ్గినది.

ఈ అరకు ఎంతటి వర్గమో మాటలలో చెప్పుట కష్టము. పాలకొండ, కురుపాము, పార్వతీపురము, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరము: ఈ ఏడు అసెంబ్లీ స్థానములు నాటి నాలుగు జిల్లాలకు చెందినవి. ఉత్తరమున నాగావళీతీరము, దక్షిణమున శబరి గోదావరితో కలియు కూనవరము. ఒక కొనను సవరలు, జాతాపులు. నడుమ బగతలు, కొండదొరలు. ఇంకొక కొనను కొండరెడ్లు, కోయలు. సవర భాషకు కోయ మాటతో చుట్టఱికమే లేదు. ఆ సవర భాషను నేర్చి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిపంతులుగారి పేరు నా యీ గ్రాంథికోపన్యాసమున తలచుట ఆయనకే నవ్వు పుట్టించునేమో! పాలకొండనుండి చింతూరు పోదలచిన సభ్యుడు మైదానమునకు దిగి, పరుల నియోజకవర్గములగుండ పోయి, మరల కొండ యెక్కవలసినదే. ఒకే ఊరిలోపల ముగిసిపోవు నగరనియోజకవర్గపు సభ్యునికి ఏట 5 కోట్ల రూపాయల అభివృద్ధినిధి, ఈయనకును అంతే.

రోడ్లును టెలిఫోనులును వచ్చినవి గదా, దూరము లెక్కయేమని కొందఱందురు. వారికి నేను వాదము చెప్పను. ప్రభుత్వము చేసిన పనినే చూపెదను. 2022 లో ఆంధ్రప్రదేశమున జిల్లాలను పునర్వ్యవస్థీకరించినపుడు, లోకసభ నియోజకవర్గమున కొక జిల్లా అని సంకల్పించిరి. ఇరువదియైదు కావలసిన జిల్లాలు ఇరువదియాఱైనవి. ఏల? అరకు ఒక్క కలెక్టరు పాలింపజాలనంత పెద్దదని దానిని పార్వతీపురము మన్యము, అల్లూరి సీతారామరాజు అని రెండు జిల్లాలు చేసిరి. ఒక కలెక్టరు చూడజాలని సీమకు ఒక సభ్యుడెట్లు చాలును? మిక్కిలి పెద్దవని 1961 లో ద్విసభ్య వర్గములను రద్దుచేసిన న్యాయము 2008 లో ఎచ్చటికి పోయినది?

ఇక చింతూరు, కూనవరము, వి.ఆర్. పురము మండలములవారి పాటు వినుడు. 2014 ఏప్రిలులో వారు తెలంగాణమువారుగా భద్రాచలము అసెంబ్లీకిని, మహబూబాబాదు లోకసభ స్థానమునకును ఓటు వేసిరి. పోలవరము జలాశయమున మునుగు భూములని వారి మండలములను ఆ వేసవిలోనే ఆంధ్రప్రదేశమునకు బదలాయించిరి. భూమి ఒక రాష్ట్రమునకు పోయినది. వేసిన ఓటు వేఱొక రాష్ట్రమున నిలిచిపోయినది. భద్రాచలమునుండి గెలిచిన సున్నం రాజయ్యగారి స్వగ్రామము వి.ఆర్. పురము మండలములోనిది. సభ్యుడు హైదరాబాదు శాసనసభలో తెలంగాణము పక్షమున కూర్చుండగా, ఆయన ఊరు ఆంధ్రప్రదేశమున నుండెను. 2018 లో ఎన్నికల సంఘము సవరణ ఉత్తరువు చేయువఱకు ఆ గ్రామములు ఏ నియోజకవర్గమునకు చెందునో కాగితము మీద కుదురలేదు. 2019 లో వారు రంపచోడవరముతో, అనగా అరకుతో, కలిసి ఓటు వేసిరి. ఇల్లు విడువవలసినవారికి పరిహారమును గూర్చి అడుగువాడు అత్యవసరమైన ఆ నాలుగైదేండ్లలోనే, తాము ఓటువేసి పంపిన సభ్యుడు తమ రాష్ట్రపువాడు కాకపోయెను.

దీనికి ఉపాయమేమి? సులభమైనది లేదని ముందే ఒప్పుకొందును. 330 వ అధికరణము ప్రకారము ప్రత్యేకస్థానముల సంఖ్య జనసంఖ్య నిష్పత్తిని పట్టి వచ్చును. 2011 జనగణనలో నేటి ఆంధ్రప్రదేశమున గిరిజనులు నూటికి అయిదున్నరమంది. ఇరువదియైదు స్థానములున్నంతవఱకు ఆ లెక్కకు ఒక్కటియే తేలును. ఆ ఒక్క వర్గమును చిన్నది చేసినచో, మిగిలిన కొండగ్రామములు మైదానపు వర్గములకు తోకలై, ఓట్లలో మునిగిపోవును. కనుక అరకును ముక్కలు చేయుమని నేనడుగను. స్థానముల సంఖ్య పెరిగినపుడు మన్యమునకు రెండు రావలెననియు, అవి నదులను, బాటలను చూచి గీయబడవలెననియు అడుగుదును. ఇది నా కల్పన కాదు. భూస్వరూపమును, రాకపోకల సౌకర్యమును, ప్రజల అనుకూలతను గమనింపవలెనని 2002 చట్టమే చెప్పినది.

84 వ సవరణ సీట్ల లెక్కను 2026 తరువాతి మొదటి జనగణన వఱకు బిగించి యుంచినది. 2027 మార్చి 1 వ తేదీని ప్రమాణముగా గొని జనగణన జరుపుదుమని 2025 లో ప్రకటించిరి. 2002 చట్టము క్రింద కమిషను తన ముసాయిదాను గెజిట్టులో ప్రకటించి, ఆక్షేపణలను స్వీకరించి, బహిరంగసభలు జరిపినది. రాష్ట్రమునుండి అయిదుగురు పార్లమెంటు సభ్యులును, అయిదుగురు శాసనసభ్యులును అందు సహాయసభ్యులుగా కూర్చుండిరి. మాటలాడవచ్చును గాని వారికి ఓటు లేదు. అట్టి సభలకు కొండగ్రామమునుండి ఒక రోజు కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చువారెందఱు? పట్టణమున నుండి పత్రికలు చదువు మనము ముసాయిదా వచ్చిన వారములోనే దానిని తెలుగున గ్రామములకు పంపి, వారి ఆక్షేపణలను వ్రాసి చేర్పింపగలము.

2008 నాటి ఉత్తరువులోని గ్రామముల జాబితాను, అరకు పటమును నాతో తెచ్చితిని. పఠనమందిరపు బల్లమీద ఉంచుచున్నాను. పెన్సిలు గీతలు నావి. మీకు తోచినవి మీరును గీయవచ్చును.