పలకా, కంప్యూటరూ
(మారిషస్ తెలుగు తరగతుల విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుని ప్రసంగం)



తెలుగు మాష్టారు కంప్యూటరు గురించి మాట్లాడతారట అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. కొన్నేళ్ల క్రితం నేనూ అలాగే నవ్వేవాణ్ణి. తెలుగు నేర్వడానికి పలకా, పుస్తకమూ, మాష్టారి నోరూ చాలునని నా నమ్మకం. సెల్ ఫోను తెచ్చిన పిల్లలను తరగతి బయట నిలబెట్టాను కూడా. నా అభిప్రాయం ఎలా మారిందో చెబుతాను, వినండి.

1834 తరువాతి దశాబ్దాలలో మన పెద్దలు చెరకు తోటల్లో కూలిపనికి ఈ దీవికి వచ్చారు. గుమాస్తాలు వారి పేర్లను తమ చెవికి వినిపించినట్లు రోమను లిపిలో రాసుకున్నారు. అలా లక్ష్మి కాస్తా 'లచ్మీ' అయింది. నా తరగతిలో ఒక అబ్బాయి నాయనమ్మ పేరు అదే. తెలుగులో రాయమంటే ప్రతిసారీ 'లక్మి' అని రాసేవాడు. పదిసార్లు దిద్దించాను. చూసి బొమ్మలాగా గీసేవాడు, మర్నాటికి మరచిపోయేవాడు.

ఒకనాడు ఆ పేరును కంప్యూటరు మీద కొట్టమన్నాను. కొన్ని కీబోర్డులలో 'క్ష'కు ప్రత్యేకంగా మీట ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దన్నాను. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: మొత్తం ఏడు మీటలు. వాడి కళ్లముందే ష వచ్చి క కింద ఒదిగింది. మ వచ్చి వత్తుగా చేరింది. చిట్టచివర కొట్టిన గుడి మాత్రం వెళ్లి క మీద కూర్చుంది! "మాష్టారూ, ష ఇక్కడ దాక్కుందా!" అన్నాడు. మళ్లీ ఆ తప్పు చేయలేదు. పదిసార్ల దిద్దుబాటు చేయలేనిది ఏడు మీటలు చేశాయి. ఆనాడు పాఠం నేర్చుకున్నది వాడొక్కడే కాదు సుమా!

ఇంకొక సంగతి. వెనుక నేను పాత ఫాంటులలో తయారుచేసిన పాఠాలు వేరే కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలయ్యేవి. యూనికోడ్ ఆ బాధ తీర్చింది. 1991లో వెలువడిన దాని తొలి ప్రమాణంలోనే మన లిపికి చోటు దక్కింది. అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. అ 3077, క 3093. అందుచేత రోజ్‌హిల్‌లో మీరు కొట్టిన 'అ' విశాఖపట్నంలోనూ 'అ'గానే కనిపిస్తుంది. బ్రౌన్ దొర నిఘంటువును ఇప్పుడు ఇంటర్నెట్టులో వెతుక్కోవచ్చు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అయితే ఒత్తు తప్పితే వెతికిన మాట దొరకకపోవచ్చు. కాబట్టి యంత్రం వచ్చింది కదా అని అక్షరదోషాలకు సెలవు లేదు.

యంత్రం చెప్పిందల్లా నమ్మకండి. ఒక అమ్మాయి తన అమ్మమ్మ మాటలు ఫోనులో రికార్డు చేసి తెచ్చింది. "మా గుంట బడికెళ్లింది" అని ఆమె మురిసిపోతోంది. అనువాద యంత్రంలో పెడితే గొయ్యి బడికి వెళ్లిందని వచ్చింది! తరగతి అంతా నవ్వింది. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల. ఆ మాట ఓడలో మన పెద్దలతో వచ్చింది. ఇన్ని తరాలు ఇంట్లో బతికింది. మన ఇళ్లలో క్రియోల్ పెరిగి తెలుగు తగ్గింది. ఆ అమ్మమ్మలు వెళ్లిపోతే ఇటువంటి మాటలను మనకు ఎవరు చెబుతారు?

అందుకే ఈ వారం ఇంటిపని ఇది. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు ఒప్పుకుంటే, ఐదు నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయండి. అందులో మీకు తెలియని మాటలు ఐదు ఏరండి. ముందు పలక మీదనో, పుస్తకంలోనో చేత్తో రాయండి. ఆ తరువాత ఒక్కొక్క అక్షరంగా కంప్యూటరులో కొట్టండి. అర్థం యంత్రాన్ని కాదు, చెప్పినవారినే అడగండి.

ఈసారి ఫోను తెచ్చినవారిని బయట నిలబెట్టను. ముందు వరుసలో కూర్చోబెడతాను.

మీకు నా ఆశీస్సులు.