పాత నాణేల విలువ తెలుసుకొనుట ఎట్లు?

పాతపెట్టెలోనో, దేవుని గూటిలోనో నాలుగు పాత నాణేలు దాచుకొనని ఇల్లు మన దేశంలో అరుదు. అక్కర పడినప్పుడు అవి బయటికి వస్తాయి. అప్పుడు కలిగే నష్టం రెండు విధాలు. విలువ ఎరుగని గృహస్థు అపురూపమైన నాణేన్ని వెండి తూకానికి ఇచ్చివేస్తాడు. లేదా, సామాన్యమైన నాణేనికి లక్షలు వస్తాయన్న మాట నమ్మి చేతి సొమ్ము పోగొట్టుకుంటాడు. ధర ఎలా ఏర్పడుతుందో తెలియకపోవడమే రెండింటికీ మూలం.

మొదట చూడవలసినది లోహం. బ్రిటిషు కాలపు వెండి రూపాయి బరువు పాత లెక్కన ఒక తులం, అనగా 11.66 గ్రాములు. 1835 నుండి 1939 వరకు గల రూపాయలలో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. యుద్ధకాలంలో, 1940 నుండి, వెండి సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయి నికెలుది. కనుక 1918 రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉండగా, 1942 రూపాయిలో 5.8 గ్రాములే ఉంటుంది. ఈ వెండి ఖరీదు నాణేనికి కనీసపు ధర మాత్రమే.

రెండవది అరుదుతనం. నాణెం పాతదైనంత మాత్రాన ప్రియం కాదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి మీద, రాజు దుస్తులపై గల ఏనుగు బొమ్మ పందిలా ఉన్నదని ప్రజలు ఆక్షేపించారు. ముద్రించిన సుమారు 94 లక్షలలో 7 లక్షలు మాత్రమే వాడుకలోకి వచ్చాయి, మిగిలినవి కరగించబడినవి. 1912లో బొమ్మను సవరించారు. అందుచేత ఒక్క సంవత్సరం తేడాతోనే ధరలో ఎంతో అంతరం ఏర్పడింది. ఆరవ జార్జి రూపాయలలో 1938 నాటివి విరివిగా దొరుకుతాయి, 1939 నాటివి బహు అరుదు. అరుదైన దానికే నకిలీలు పుడతాయి గనుక తూకం, అంచు, అంకెల తీరు పరీక్షించనిదే కొనరాదు.

మూడవది టంకశాల గుర్తు. స్వతంత్ర భారత నాణేలలో సంవత్సరం కింద వజ్రాకారం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుండ్రని చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేనిది కోల్‌కతా.

నాలుగవది స్థితి. అక్షరాలు, రేఖలు అరగని నాణేనికే ఎక్కువ ధర. చింతపండుతోనో బూడిదతోనో తోమి మెరిపిస్తే విలువ పెరగదు, తరుగుతుంది.

జాబితాలలో అచ్చయిన ధర అమ్మేవారు కోరే ధర. వేలంలో నిజంగా పలికినదే ప్రమాణం. వర్తకుడు తన లాభం, ఖర్చులు మినహాయించుకొని కొంటాడు గనుక, ఇద్దరు ముగ్గురిని విచారించి అమ్మడం మేలు. ముందుగా రుసుము చెల్లించమనే వారిని నమ్మరాదు. పాత నాణేల విక్రయానికి తాను ఏ కమీషనూ వసూలు చేయనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. నూరేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది. భూమిలో దొరికిన నిధిని గురించి 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

చార్మినారు ముద్ర గల నిజాం రూపాయి, తిరువాన్కూరు చక్రం, కచ్ కోరి ఒకనాడు వేర్వేరు రాజ్యాల సొమ్ము. నేడు ఒకే దేశచరిత్రకు సాక్ష్యాలు. వెండి కోసం కరగిపోయిన నాణెం తిరిగి రాదు. విద్యార్థులు తమ ఇళ్లలోని నాణేల సంవత్సరం, బరువు, గుర్తు, స్థితి ఒక పుస్తకంలో రాసి ఉంచితే, పెద్దలు మోసపోకుండా ఉంటారు, చరిత్ర కూడా నిలుస్తుంది.