శిష్యుడడిగిన ప్రశ్న



పరీక్షలు దగ్గరపడగానే మన నాయుడుపేట తల్లులు దిగులుపడునది లెక్కలను గూర్చియే. కావున ఈ సాయంకాలము లెక్కలు నేర్పిన ఒక తెలుగు ఆచార్యుని గూర్చి చెప్పదలచితిని.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న హడగలిలో జన్మించిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో చదివిరి. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడివారు. ఆ మాట వ్రాసి, తన గ్రంథమొకటి ఆమెకు అంకితమిచ్చిరి. ఆ దీపము ఖర్చు ఏపాటిది!

ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము ఎం.ఏ. ముగించినను వెంటనే ఉద్యోగము దొరకలేదు. దానికై కలకత్తా వెళ్లి, అది కాక, 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరిరి.

1944 నాటికి కలకత్తా విశ్వవిద్యాలయములో ఎం.ఏ. విద్యార్థులకు పాఠము చెప్పుచుండిరి. వయస్సు ఇరువది నాలుగు. పాఠము అంచనాలను గూర్చినది. రొయ్యల గుంటలో విసురువల వేసి, పడినవాటిని తూచి, గుంటలోని రొయ్య సగటు బరువెంతో మనవారు చెప్పుదురు గదా, అటువంటిదే. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలో పొరపాటు ఎంతవరకు తగ్గగలదో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫిషర్ చెప్పియుండెను. చిన్న నమూనాకు కూడ అట్టి హద్దును ఏల నిరూపింపరాదని దాండేకర్ అను విద్యార్థి అడిగెను.

పాఠములో లేనిది అడుగవద్దని కసరుకొనుట తేలిక. రావుగారు ఆ ప్రశ్నను ఇంటికి తీసికొనిపోయిరి. రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలోనే నిరూపించి చూపిరి. ఒక పక్కకు మొగ్గని అంచనా ఎంత నేర్పుగా కట్టినను, పొరపాటు ఫలానా హద్దుకంటె తగ్గదు. ఇది 1945లో అచ్చయినది. స్వీడను దేశపు క్రామేర్ కూడ వేరుగా కనుగొనినందున, ఇద్దరి పేర్లతో క్రామేర్-రావు సూత్రమనుచున్నారు. అడిగినవాని పేరు సూత్రములో లేదు గాని, ఆ సంగతి లోకమునకు చెప్పినవారు రావుగారే. ఆ పరిశోధనకంటె నాకిదియే పెద్దదిగా తోచును.

తరువాతి సంగతులు మీరు పత్రికలలో చదివియే యుందురు. కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద డాక్టరేటు. నాలుగు దశాబ్దములు ఇన్‌స్టిట్యూట్‌లో సేవ. 2007లో ఏబెల్ బహుమతి పొందిన మద్రాసు వరదన్ ఆయన శిష్యుడే. 2001లో పద్మవిభూషణ్. ఆ 1945 నాటి వ్యాసము కారణముగా 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు ఆయనకు 102 ఏండ్లు. ఆ ఆగస్టు 22న కన్నుమూసిరి.

ఇక ఆ విద్యార్థి. వి.ఎం. దాండేకర్ ఆర్థికశాస్త్రవేత్తయై, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశములోని పేదరికమును గూర్చి గ్రంథము వెలువరించెను. దినమునకు 2,250 కాలరీల ఆహారము సహితము కొనుక్కొనలేని వారెందరో, నమూనా సర్వేల ఆధారముననే అందులో లెక్కగట్టిరి.