ఆకు గొడ్డుకు, గడ్డ నేలకు

(ఆళ్లగడ్డ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముల్లంగి అనగానే మనకు సాంబారు గుర్తొస్తుంది. జపానువారు దైకాన్ అనే పొడుగు ముల్లంగిని కొన్ని దేశాల రైతులు పశువుల మేతకూ, నేలను కప్పి ఉంచే పంటగానూ వేస్తున్నారు. మనకు ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

కె.సి. కాలువ కింద ఏటా దమ్ము చేసి వరి నాటుతాం. దానివల్ల నల్లరేగడి అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. నీరు దిగదు, వేరు పోదు. తేమ ఉండగా వేసిన ముల్లంగి ఆ పొరలోకి దిగగలదు. గడ్డ కుళ్లాక మిగిలిన దారి వెంట నీరు, తర్వాతి పంట వేళ్లు దిగుతాయి. అందుకే ఆకు గొడ్డుకు వేసి, గడ్డ నేలకు వదలండి.

చలి దేశాల్లో గడ్డకట్టే చలికి ఈ పైరు తనంతట చస్తుంది. మన దగ్గర చావదు, గింజ రాల్చి కలుపవుతుంది. కాబట్టి పూతకు ముందే మొదలుతో సహా కోయాలి. వేడిని తట్టుకునే పూసా చేత్కి రకం 40, 45 రోజుల్లో గడ్డ కడుతుంది.

ముల్లంగి నత్రజనిని కొత్తగా చేర్చదు, మిగిలిన ఎరువును పీల్చి దాస్తుంది. చేర్చేది మన పిల్లిపెసర. రెండూ కలిపి చల్లండి. శనగ చేను మాత్రం దీనికోసం మానవద్దు. వరి కోశాక బీడుపడే 10 సెంట్లు, ఒక తడి ఇవ్వగలిగినచోట, చాలు.

ఇక పాల సంగతి. చిన్నప్పుడు నేనొకసారి పితికే ముందు ఎనుముకు ముల్లంగాకు వేశాను. పాలు కాచగానే మా అమ్మ, "ఏం మేపినావురా?" అనింది. ఆ ఘాటు పాలలోకి వస్తుంది. కనుక పితికిన తర్వాతే వేయండి.

ఈ ఆకులో నూటికి 90 పాళ్లు నీరే. ఒక్కసారిగా మేపితే గొడ్డు పారుకుంటుంది, కడుపు ఉబ్బుతుంది. పీచు తగ్గితే వెన్న శాతం తగ్గుతుంది, మన ధరా తగ్గుతుంది. ముందు జొన్న చొప్పగాని వరిగడ్డిగాని వేసి, ఆపైన ఆకు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పచ్చిమేతలో మూడో వంతు మించనీయవద్దు. పురుగుమందు చల్లిన ఆకు అసలే వద్దు.

ఒక ఇంటి వాసన పాలు క్యానులో పడితే ఊరందరి పాలూ చెడతాయి. మేత మన ఇంటిదే, పాలు మాత్రం సంఘానివి. ఇది మరువకండి.