భూమి చుట్టుకొలత - మన అడవి



"లెక్కలు మనవాళ్లకు రావండీ" అని పెద్దలే పిల్లల ఎదుట అనడం మేము చాలా ఇళ్లలో విన్నాము. ఆ మాట పిల్లవాడి మనసులో నాటుకుంటే తీయడం కష్టం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి ముందు చక్రం చుట్టూ కొలుస్తాడు. పట్టాను అంతకంటె పిసరంత తక్కువ చేస్తాడు. కాల్చితే సాగుతుంది, తొడిగి నీళ్లు పోస్తే బిగుస్తుంది. అడ్డుకొలతను 22తో గుణించి 7తో భాగిస్తే చుట్టుకొలత వస్తుందని బడిలో చెబుతారు. గ్రహాలకూ ఇదే లెక్క. గురుగ్రహం నడుమ అడ్డుకొలత సుమారు 1,43,000 కిలోమీటర్లు, కనుక చుట్టుకొలత దాదాపు నాలుగున్నర లక్షలు.

మరి మనం నిలుచున్న భూమి సంగతి? దీని నడుమ గుండా తాడు లాగలేము గదా! కావున చిన్న ముక్కను కొలిచి హెచ్చవేయాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫా మామూన్ పంపిన పండితులు సింజార్ మైదానంలో చేసింది అదే. ధ్రువనక్షత్రం ఎత్తు ఒక్క డిగ్రీ మారేదాకా ఉత్తర దక్షిణాలుగా నడిచి, ఆ దూరం కొలిచారు. దాన్ని 360తో గుణిస్తే భూమి చుట్టూ ఎంతో తేలుతుంది.

మన దేశంలో ఇటువంటి పెద్ద కొలత 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టాడు. ఆ సర్వేలో భాగంగానే 1819 వానాకాలంలో జార్జ్ ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి వచ్చాడు. తరువాత శిఖరానికి పేరు పెట్టింది ఈయనదే. వాన వెలిసిన గాలిలో దూరపు గుట్టలు స్పష్టంగా కనబడతాయని ఆ కాలం ఎంచుకున్నారు. చెట్లు కొట్టి, గుట్ట నుంచి గుట్టకు చూపు సాగించి త్రిభుజాలు కట్టారు. ఇంతలో అడవిజ్వరం పట్టుకుంది. దొర పడ్డాడు, వెంట ఉన్న డాక్టరు వాయ్సీ పడ్డాడు, బృందమంతా పడకేసింది. కొందరు ప్రాణాలు విడిచారు. ఎవరెస్టు 1820లో ఆరోగ్యం కోసం కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లవలసి వచ్చింది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో చూసింది 1897లో గాని కాదు. దొర పేరు శిఖరానికి ఎక్కింది. జెండాలు మోసిన ఖలాసీల పేర్లు మనలో ఎవరికి తెలుసు?

పిల్లలూ, ఈ కొలతకు అడవిలోకి పోనక్కరలేదు. ఖమ్మం, చెన్నై దాదాపు ఒకే ఉత్తర దక్షిణ రేఖమీద ఉన్నాయి. తిన్నగా చూస్తే నడుమ సుమారు 460 కిలోమీటర్లు, రైలు దూరం కాదు సుమా. డిసెంబరు 22న చదును నేలమీద మీటరు కర్ర నిటారుగా నిలిపితే మధ్యాహ్నపు నీడ ఇక్కడ సుమారు 86 సెంటీమీటర్లు, అక్కడ 74. ఆ నీడల నుంచి సూర్యుని కోణాలు తీస్తే తేడా 4.2 డిగ్రీలు. 460ని 360తో గుణించి 4.2తో భాగించండి, 39,400 పైచిలుకు వస్తుంది. అసలు కొలత సుమారు 40,000. కర్రా, బడి టేపుతో ఇంత దగ్గరికి రావడం తక్కువా?

చెన్నైలో బంధువులున్నవారు ముందే ఫోను చేసి చెప్పిపెట్టండి. గడియారంలో పన్నెండు కాగానే కొలవవద్దు. ఖమ్మంలో ఆ రోజు 12 గంటల 8 నిమిషాల ప్రాంతాన నీడ అన్నిటికంటె పొట్టిగా ఉంటుంది, అప్పుడు గీత గీయండి.