మాణిక్‌గఢ్ కొండ మీద గునుగు పూలు

పూలబయళ్లు చూడాలంటే హిమాలయాల దాకా పోనక్కర్లేదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి రాజురా మీదుగా గడ్‌చాందూర్ చేరి, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు దాటి జీవతి దారి పట్టండి. భాద్రపదం వచ్చేసరికి ఆ కొండవాలుల్లో గునుగు వెండికంకులు తొడుగుతుంది. సరిహద్దు ఇవతల మన తెలంగాణలో బతుకమ్మకెక్కేదీ అదే పువ్వు! హిమాలయాల్లో చెట్టు ఎదగనివ్వని చలి పూలబయళ్లను నిలుపుతుంది. ఇక్కడ ఆ పని నాలుగు నెలల వానది. చలికాలం ముదిరితే మిగిలేది ఎండుగడ్డే.

పైన మాణిక్‌గఢ్ కోట. నాగవంశపు రాజులు కట్టించారంటారు, తర్వాత గోండు రాజులు ఏలారు. బురుజు మీంచి చూస్తే చుట్టూ అడవే. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గుంపుగా వెళ్లండి, పొద్దుగూకకముందే దిగిరండి.